స్కానింగ్ కాగితంలో మొదటి పంక్తి



పొట్ట స్కానింగ్ రిపోర్టు రాయడానికి ఒక వరుస ఉంటుంది. ముందు లివర్, ఆ తర్వాత పిత్తాశయం, క్లోమం, ప్లీహం, మూత్రపిండాలు. గర్భసంచి, అండాశయాలు ఆఖరున వస్తాయి. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోందనో, పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదనో స్కానింగ్‌కు వెళ్లిన అమ్మాయి కాగితం చేతికి రాగానే ఇంటిల్లిపాది చూపూ ఆ ఆఖరి పంక్తుల మీదికే పోతుంది. అండాశయంలో నీటి బుడగలు ఉన్నాయా, గర్భసంచి బాగుందా అన్నదే అందరి ఆరాటం. మొదటి పంక్తిలో ‘గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్’ అని రాసి ఉంటే, ‘అది ఈ రోజుల్లో అందరికీ ఉండేదే’ అని కాగితం మడిచేస్తారు. ఇవాళ్టి ప్రసంగం ఆ మొదటి పంక్తికీ ఆఖరి పంక్తులకూ ఉన్న సంబంధం గురించి.

సోలాపూర్ నగరంలో, అక్కల్‌కోట రోడ్డు పారిశ్రామికవాడ దాపున, నీలం నగర్ అనే పేట ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట మగ్గాన్ని నమ్ముకుని తరలివెళ్లిన పద్మశాలీల వారసులు పెద్ద సంఖ్యలో బతికే చోటు అది. బడిలోనూ బజారులోనూ మరాఠీ, ఇంట్లో తెలుగు. సోలాపూర్ చద్దర్లకూ టవళ్లకూ దేశమంతా పేరు తెచ్చిన పవర్‌లూమ్‌లు ఈ చుట్టుపక్కలే ఆడతాయి. మగవాళ్లు మగ్గాల మీద ఉంటే, ఆడవాళ్లలో కొందరు కండెలు చుడతారు, టవళ్ల అంచులు కుడతారు, మడతలు వేస్తారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది బీడీలు చుడతారు. తెలుగు ఆడవాళ్ల చేతుల మీదుగానే సోలాపూర్ బీడీ పరిశ్రమ నిలిచింది. నగరం శివారున కుంభారిలో కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరిట బీడీ కార్మికురాళ్ల కోసమే పదివేల ఇళ్ల కాలనీ కట్టించుకుని, 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా తాళాలు అందుకున్నారంటే, ఈ శ్రామిక మహిళల సంఖ్య ఎంతటిదో, వాళ్ల ఐకమత్యం ఎంతటిదో తెలుస్తుంది.

బీడీ పని కూలి వెయ్యి లెక్కన ఉంటుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన దారం. పొద్దున కూర్చుంటే కట్టలు పూర్తయ్యే దాకా లేవడం కుదరదు. నడుమ పొయ్యి దగ్గరికి, నల్లా దగ్గరికి లేస్తారంతే. ఇంతగా కష్టపడే మనిషికి వ్యాయామం అవసరమని చెబితే కోపం రావడం న్యాయమే. అయినా శరీరం లెక్క వేరు. వేళ్లు పరుగులు తీస్తున్నా తొడల్లోని పెద్ద కండరాలు గంటల తరబడి కదలకుండా ఉంటే, రక్తంలోని చక్కెరను వాడుకునే చోటు తగ్గిపోతుంది. అలసట కావలసినంత మిగులుతుంది, కదలిక మాత్రం చాలదు. హైదరాబాద్‌లో కంప్యూటర్ల ముందు కూర్చునే ఐటీ ఉద్యోగులు 345 మందిని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 84 శాతం మంది లివర్‌లో కొవ్వు మోతాదు మించి ఉంది. బీడీ చాటకూ కంప్యూటర్ బల్లకూ కూలిలో ఎంత తేడా ఉన్నా, కూర్చోబెట్టడంలో తేడా లేదు.

‘ఆమె చుక్క కూడా ముట్టదు గదా, లివర్ ఎట్ల ఖరాబైతది?’ పేటలో ఎవరికి ఫ్యాటీ లివర్ అని తెలిసినా ముందు పుట్టే ప్రశ్న ఇదే. తాగుడుతో లివర్ పోగొట్టుకున్న మగవాళ్లను చూసిన కళ్లకు ఆ అనుమానం సహజం. వైద్యులూ చాలాకాలం అలాగే అనుకున్నారు. అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన యుర్గన్ లుడ్విగ్ 1980లో ఇరవై మంది రోగుల లివర్ ముక్కలను సూక్ష్మదర్శినిలో చూశాడు. అచ్చం తాగుబోతుల లివర్‌లా ఉన్నాయి, కానీ వాళ్లు తాగేవాళ్లు కాదు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లే, చాలామంది లావుగా ఉన్నవాళ్లే. అప్పటి నుంచి ‘మద్యంతో సంబంధం లేని’ అన్న మాట జబ్బు పేరులో నాలుగు దశాబ్దాలు ఉండిపోయింది. 2023లో అంతర్జాతీయ నిపుణులు ఆ పేరు తీసేసి, శరీరం చక్కెరనూ కొవ్వునూ వాడుకునే తీరు గాడి తప్పడమే దీనికి మూలమని పేరులోనే తెలిసేలా మార్చారు.

లివర్ కణాల్లో నూటికి ఐదింటికి మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు. చాలామందిలో అది ఏ బాధా పెట్టకుండా అక్కడే ఆగుతుంది. కొందరిలో వాపు మొదలవుతుంది. వారిలోనూ కొందరిలో మచ్చలు కట్టి, ఏళ్ల మీద సిరోసిస్ దాకా పోతుంది. మన దేశంలో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కూర్చి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2022లో తేల్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో 38.6 శాతం మందికి ఇది ఉంది. ‘అందరికీ ఉండేదే’ అన్న మాట ఇలాంటి అంకెల నుంచే పుట్టింది. కానీ ఎక్కువమందికి ఉన్నంత మాత్రాన జబ్బు చిన్నదైపోదు.

సన్నగా ఉన్నవాళ్లకు రాదన్న ధీమా కూడా నిలవదు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లా పల్లెల్లో 1,911 మందిని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో 8.7 శాతం మందికి ఫ్యాటీ లివర్ కనిపించింది. వారిలో నాలుగింట మూడు వంతుల మంది లావైనవాళ్లు కారు. సగానికి పైగా మందికి పొట్ట కూడా లేదు. వాళ్లలో చాలామంది రెక్కల కష్టం మీద బతికే పేదలు.

ఈ చిక్కుముడికి ఒక కొస సోలాపూర్‌కు ఎంతో దూరం లేని పుణెలోనే దొరికింది. కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ 1993లో పుణె దగ్గరి ఆరు పల్లెల్లో గర్భిణుల ఆహారం మీద అధ్యయనం మొదలుపెట్టాడు. ఆ తల్లుల బిడ్డలు సగటున 2.7 కిలోలు తూగారు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలు మూడున్నర కిలోలు. బరువు అంత తక్కువైనా మన బిడ్డల ఒంటి కొవ్వు అంతగా తగ్గలేదు, తగ్గిందల్లా కండే. చూడటానికి బక్క, లోపల కొవ్వు. అర్ధాకలి తల్లి కడుపున ఇలా పుట్టిన ఆడపిల్ల పెరిగి పెద్దదై, పట్నంలో కూర్చుని చేసే పనిలో పడి, తెల్లన్నం, తీపి చాయ్ మీద బతుకుతుంటే ఏమవుతుంది? బరువు కాటా మీద తేడా తెలియకుండానే లోపల కొవ్వు పెరుగుతుంది. అందుకే మనవాళ్లకు ఎత్తుకూ బరువుకూ పొంతన చూపే బీఎంఐ 23 దాటగానే జాగ్రత్త పడమంటారు, ఆడవాళ్ల నడుము కొలత 80 సెంటీమీటర్లకు మించకూడదంటారు. అంటే దాదాపు ముప్పై ఒకటిన్నర అంగుళాలు. కుట్టుమిషన్ ఉన్న ప్రతి ఇంట్లో టేపు ఉంటుంది. బొడ్డు ఎత్తున చుట్టి చూసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు.

ఇక లివర్‌కూ అండాశయానికీ ఏం సంబంధం? శరీరం ఇన్సులిన్ మాటకు సరిగా స్పందించనప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. ఆ అదనపు ఇన్సులిన్ అండాశయానికి చేరి, అక్కడ మగ హార్మోన్లు ఎక్కువగా తయారయ్యేలా చేస్తుంది. అదే ఇన్సులిన్ లివర్‌లో కొత్త కొవ్వు పోగయ్యేలానూ చేస్తుంది. ఇక్కడితో ఆగితే ఒకే కారణానికి రెండు ఫలితాలని చెప్పి ఊరుకోవచ్చు. కానీ రక్తంలోని మగ హార్మోన్‌ను పట్టి ఉంచి, దాని దూకుడును అదుపులో పెట్టే ఒక ప్రొటీన్ ఉంది. దాన్ని తయారుచేసేది లివరే. కొవ్వు పట్టిన లివర్ ఆ ప్రొటీన్‌ను తక్కువగా చేస్తుంది. పట్టుకునేవాళ్లు తగ్గేసరికి మగ హార్మోన్ రక్తంలో స్వేచ్ఛగా తిరుగుతుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, అండం విడుదల కాకపోవడం, నెలసరి తప్పడం అన్నీ దాని చలవే. అలా లివర్ అండాశయాన్ని, అండాశయం లివర్‌ను దెబ్బతీస్తూ పోతాయి.

మగ హార్మోన్ పెరిగి నెలసరి తప్పే ఈ అండాశయ అవస్థను చికాగో వైద్యులు స్టీన్, లెవెంతల్ 1935లోనే ఏడుగురు ఆడవాళ్లలో గుర్తించి రాశారు. నేడు పీసీఓఎస్ అంటున్నాం. పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో నూటికి పది నుంచి పదమూడు మందికి ఉంటుందని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. ఉన్నవాళ్లలో 70 శాతం మందికి ఆ సంగతే తెలియకపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బ్రిటన్‌లో పీసీఓఎస్ ఉన్న 63,210 మంది స్త్రీల వైద్య రికార్డులను, అది లేని లక్షా ఇరవై ఒక్కవేల మంది రికార్డులతో పోల్చి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఫ్యాటీ లివర్ ముప్పు రెట్టింపు కంటే ఎక్కువ అని అందులో తేలింది. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉన్నవాళ్లకు అది మరింత స్పష్టం.

పీసీఓఎస్ అన్న ముద్ర లేకపోయినా నెలసరి తీరే ఒక సూచన. దక్షిణ కొరియాలో నలభై ఏళ్ల లోపు స్త్రీలు 72 వేల మందిని పరిశీలించినప్పుడు, నెలసరి నలభై రోజులు దాటి వచ్చేవాళ్లలో, క్రమం తప్పినవాళ్లలో ఫ్యాటీ లివర్ ఎక్కువగా కనిపించింది. మొదట లేనివాళ్లలోనూ తర్వాతి ఏళ్లలో ఎక్కువగా వచ్చింది. ‘పెళ్లయితే అదే సర్దుకుంటది’ అని పదహారేళ్ల పిల్లకు సర్దిచెప్పే పెద్దమ్మలు, అత్తలు వినవలసిన సంగతి ఇది. ఆలస్యంగా వచ్చే నెలసరి పిల్లలు పుట్టడానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆ పిల్లకు నలభై ఏళ్లు వచ్చేసరికి లివర్, చక్కెర, గుండె ఎలా ఉండబోతున్నాయో ముందే తెలిపే కబురు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఫ్యాటీ లివర్ ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. ఉన్నవాళ్లలో చాలామంది మామూలుగానే తల్లులవుతారు. పిల్లలు కలగకపోతే కారణం మగవాడిలోనూ ఉండవచ్చు. మగవాడికి వీర్య పరీక్ష చేయించకుండా ఏళ్ల తరబడి కోడలినే ఆసుపత్రుల చుట్టూ తిప్పడం ఏ పేటలో జరిగినా అన్యాయమే. రిపోర్టులోని మొదటి పంక్తిని చదవమనడం ఆమె మీద ఇంకో నింద వేయడానికి కాదు. ఆమె ఒంటిని ఆమె కోసం చూడటం మొదలుపెట్టాలని.

కడుపు పండిన తర్వాత ఈ సంబంధం మరింత బయటపడుతుంది. కొరియాలోనే 608 మంది గర్భిణులకు మూడు నాలుగు నెలల గర్భంలో లివర్ స్కానింగ్ చేసి, తర్వాత ఎవరికి గర్భధారణ మధుమేహం వచ్చిందో చూశారు. లివర్‌లో కొవ్వు లేనివాళ్లలో నూటికి ముగ్గురికి వచ్చింది. గ్రేడ్ వన్ ఉన్నవాళ్లలో పది మందికి. గ్రేడ్ రెండు, మూడు ఉన్నవాళ్లలో నూటికి 42 మందికి. అందరికీ ఉండేదేనని మడిచేసిన పంక్తి, కొన్ని నెలల తర్వాత రాబోయే చక్కెర గురించి ముందే చెప్పిందన్నమాట.

అమెరికాలో 2007 నుంచి 2015 మధ్య జరిగిన కోటీ ఎనభై లక్షలకు పైగా గర్భాల రికార్డులు చూసినప్పుడు ఫ్యాటీ లివర్ నమోదైన గర్భిణుల సంఖ్య దాదాపు మూడింతలైంది. వాళ్లలో నూటికి 16 మందికి రక్తపోటు చిక్కులు వచ్చాయి, మిగతావాళ్లలో నలుగురికి. కాన్పు తర్వాత రక్తస్రావం, నెలలు నిండకుండానే కాన్పు కూడా ఎక్కువే. స్వీడన్‌లో కరోలిన్స్కా పరిశోధకులు 2025లో ప్రచురించిన లెక్కలో ఈ జబ్బున్న తల్లులకు నెలలు నిండని కాన్పు ముప్పు మూడింతలు కనిపించింది. తల్లి బరువును లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా అలాగే ఉంది. ఊరట కలిగించే మాటా అందులోనే ఉంది. బిడ్డకు పుట్టుకతో వచ్చే లోపాలు మాత్రం ఎక్కువ కాలేదు.

పేర్లు దగ్గరగా ఉండటంతో ఒక గందరగోళం ఉంది, దాన్ని తీర్చాలి. గర్భం చివరి మూడు నెలల్లో హఠాత్తుగా వచ్చే ఒక ప్రమాదకరమైన లివర్ జబ్బు ఉంది. దాన్నీ గర్భిణుల ఫ్యాటీ లివర్ అంటారు. వేలల్లో ఒకరికి వచ్చే అరుదైన జబ్బది. ఆగని వాంతులు, పొట్ట పైభాగాన నొప్పి, కళ్లు పచ్చబడటం, మగత కనిపిస్తే గంటలు కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి చేరాలి. వెంటనే కాన్పు చేయడమే దానికి వైద్యం. ఈ ప్రసంగంలో చెప్పుకుంటున్నది ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగే వేరే జబ్బు. మామూలు ఫ్యాటీ లివర్ ఉన్న గర్భిణి భయంతో కుమిలిపోవక్కర్లేదు. చక్కెర, రక్తపోటు పరీక్షలు మానకుండా చేయించుకుంటే చాలా చిక్కులను ముందే పట్టుకోవచ్చు.

ఆ చక్కెర పరీక్ష మన దేశంలో సులువుగా జరగడానికి చెన్నై వైద్యుడు వి. శేషయ్య కారకుడు. పరగడుపున రమ్మంటే కూలి పోతుందని గర్భిణులు రారు. అందుకని తిని వచ్చినా సరే, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత ఒక్కసారి రక్తం తీసి చూసే పద్ధతికి ఆయన బాట వేశాడు. అంకె 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భధారణ మధుమేహం. కేంద్ర ప్రభుత్వం ఈ పద్ధతినే గర్భిణులందరికీ సూచించింది. మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, అప్పుడు బాగుంటే 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి. రోజు కూలి మీద బతికే బీడీ కార్మికురాలి పరిస్థితి తెలిసిన వైద్యుడి ఆలోచన ఇది.

కాన్పు అయ్యాక సాధారణంగా చక్కెర దిగిపోతుంది, అందరూ మరిచిపోతారు. శరీరం మరిచిపోదు. అమెరికాలో యువతీయువకులను పాతికేళ్ల పాటు వెంబడించిన కార్డియా అధ్యయనంలో, గర్భంలో చక్కెర వచ్చిన స్త్రీలలో 14 శాతం మందికి పాతికేళ్ల తర్వాత ఫ్యాటీ లివర్ కనిపించింది. రానివాళ్లలో అది ఆరు శాతం లోపే. అదే అధ్యయనం నుంచి 2019లో ఇంకో ఫలితం వచ్చింది, తల్లులందరికీ వినిపించదగ్గది. మొత్తం మీద ఆరు నెలలకు పైగా చనుబాలు ఇచ్చిన తల్లులకు, అసలు ఇవ్వని లేదా నెలలోపే ఆపేసిన తల్లులతో పోలిస్తే, నడివయసులో ఫ్యాటీ లివర్ వచ్చే అవకాశం సగానికి తగ్గింది. పాలివ్వడం బిడ్డకు మంచిదని ఎప్పుడూ వింటూనే ఉన్నాం. తల్లి లివర్‌కూ మేలని చెప్పేవాళ్లు తక్కువ. అయితే ఈ మాట తల్లికి చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఆరు నెలలు పాలివ్వాలంటే ఆరు నెలలు బిడ్డ దగ్గర ఉండాలి. చట్టంలో 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఉంది. ఇంటి దగ్గర కండెలు చుట్టే, టవళ్లు కుట్టే మనిషి పేరు ఏ రిజిస్టరులోనూ లేకపోతే ఆ సెలవు ఆమె గడప దాకా రాదు. ఇది వైద్యులు తీర్చగల సమస్య కాదు. కార్ఖానాదారులు, సంఘాలు, ప్రభుత్వం తీర్చవలసినది.

నలభై ఐదు, యాభై ఏళ్ల మధ్య ముట్లుడిగాక మరో మలుపు ఉంది. అప్పటిదాకా లివర్‌కు కొంత రక్షణగా ఉన్న ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ తగ్గిపోతుంది. వయసులో మగవాళ్లకంటే తక్కువగా ఉండే ముప్పు అక్కడి నుంచి వాళ్లతో సమానంగా పెరుగుతుంది. ఆపరేషన్ చేసి చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలు తీయించుకున్నవాళ్లకు ఈ మలుపు ఇంకా ముందే వస్తుంది. అవసరమో కాదో రెండో డాక్టరును అడగకుండా ఆ ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదు.

మరి ఏం చేయాలి? ముందు ఏం చేయకూడదో చూద్దాం. లివర్ టానిక్కులు కొవ్వును కరిగించవు. పీసీఓఎస్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ నెలసరిని గాడిన పెట్టడానికి పనికివస్తుంది కానీ లివర్ కొవ్వుకు మందు కాదు. మూలికలు ఏ హానీ చేయవన్న నమ్మకమూ పూర్తిగా నిజం కాదు. కరోనా కాలంలో తిప్పతీగ రసం, కషాయం వాడి లివర్ దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దాన్ని ఒప్పుకోలేదు. అయినా పిల్లల కోసమనో, సన్నబడటానికనో పేరు తెలియని పొడులు మింగేవాళ్లు, అసలే కొవ్వు పట్టిన లివర్ మీద ఇంకో బరువు పెడుతున్నామని గుర్తించాలి. కొత్త మందులూ వచ్చాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌ను, 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్‌ను వాపు, మచ్చలు ముదిరిన లివర్ జబ్బుకు అనుమతించింది. ఖరీదైనవి, అందరికీ అవసరమూ కానివి. గర్భం కోరుకునే స్త్రీ సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. సన్నబడే ఇంజెక్షన్ అని స్నేహితురాలు చెప్పిందని వేయించుకునే వస్తువు కాదది.

పనిచేసే మందు తెలిసిందే, కష్టమైనదే. ఉన్న బరువులో ఐదు శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గడం మొదలవుతుంది. ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు తగ్గుతుంది. 65 కిలోల మనిషికి ఐదు శాతం అంటే మూడు కిలోల పైచిలుకు. ఆ కొద్దిపాటి తగ్గుదలకే చాలామంది పీసీఓఎస్ ఉన్నవాళ్లలో నెలసరి గాడిన పడుతుంది, అండం విడుదలవుతుంది. ఒకే పథ్యానికి మొదటి పంక్తీ ఆఖరి పంక్తీ రెండూ బాగుపడతాయి. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం బరువు తగ్గే ప్రయత్నం చేయకూడదు. ఇది గర్భానికి ముందో, కాన్పు తర్వాతో చేయవలసిన పని.

పథ్యం కోసం సోలాపూర్ వాళ్లు దూరం వెతకక్కర్లేదు. మంగళ్‌వేఢా జొన్నకు దేశంలోనే పేరుంది. మాల్‌దండి జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, పల్లీల చట్నీ ఈ ప్రాంతపు సొంత భోజనం. తెల్లన్నం పక్కకు తప్పుకుని రొట్టె మళ్లీ కంచం మధ్యకు రావాలి, చట్నీ చెంచాడు చాలు. దానిమ్మ పండే నేల ఇది. పండు గింజలతో తినాలి, రసం తీసి చక్కెర కలిపి కాదు. అసలు చిక్కు చాయ్‌తో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు చక్కెర 25 గ్రాములు దాటొద్దని చెప్పింది. బీడీలు చుడుతూ నిద్ర ఆపుకోవడానికి, ఆకలి చంపుకోవడానికి తాగే ఐదారు చాయ్‌లలో రెండేసి చెంచాల చక్కెర వేస్తే, అన్నం ముట్టకముందే చక్కెర ఆ హద్దుకు దాదాపు రెండింతలవుతుంది. చాయ్‌తో పాటు బేకరీ టోస్టు, ఖారీ ఉంటే చెప్పక్కర్లేదు. చాయ్ మానమనడం దయలేని మాట. చెంచా తగ్గించమనడం చేతనైన సలహా.

ఉపవాసాల సంగతి కూడా చూడాలి. సోమవారం, చతుర్థి, ఏకాదశి, నవరాత్రి. మహారాష్ట్ర గాలి సోకిన తెలుగు ఇళ్లలో ఉపవాసమంటే సాబుదాణా ఖిచిడీ, వేయించిన ఆలుగడ్డ. సగ్గుబియ్యంలో దాదాపు ఉన్నదంతా పిండిపదార్థమే. ఆ రోజు పస్తు పేరుతో మామూలు రోజుకంటే ఎక్కువ చక్కెరే రక్తంలోకి చేరవచ్చు. భగర్, అంటే ఊదలు, పెరుగు, పల్లీలు, పండు ఉపవాసానికి నిషిద్ధం కావు. భక్తికి లోటు రాకుండానే లివర్‌కు ఊపిరి ఆడుతుంది.

కదలిక మాటకొస్తే, గంటకోసారి చాట దించి ఐదు నిమిషాలు గల్లీ చివరి దాకా నడవడం, వారంలో ఐదు రోజులు అరగంట చురుకైన నడక. సాయంత్రం గుంపుగా నడిచే ఆడవాళ్లను చూసి నవ్వే పేట మారాలి. బతుకమ్మ తొమ్మిది రోజులూ వంగి లేచి చప్పట్లు కొడుతూ గంటల తరబడి ఆడగలిగిన ఆడవాళ్లు ఏడాదంతా అందులో పావు వంతు కదిలితే చాలు.

పరీక్షల విషయంలో రెండు మెలికలు ఉన్నాయి. లివర్ రక్తపరీక్షలో కనిపించే ఏఎల్‌టీ నలభై దాకా మామూలేనని చాలా ల్యాబులు అచ్చువేస్తాయి. ఆడవాళ్లకు పాతిక దాటగానే గమనించాలని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2017లో చెప్పింది. కాబట్టి 36 ఉన్న అమ్మాయిని గమనించవలసి ఉన్నా రిపోర్టులో ఎర్ర గుర్తు పడదు. రెండోది, లివర్‌లో మచ్చలు పడ్డాయా అని వయసు, రక్తపరీక్షలోని ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్ల అంకెలతో వేసే ఫిబ్ ఫోర్ అనే చవకైన లెక్క ఒకటుంది. 1.3 లోపు ఉంటే సాధారణంగా భయం లేదు. కానీ ముప్పై ఐదేళ్ల లోపువాళ్లలో ఆ లెక్క అంత నమ్మదగినది కాదు. అంటే పీసీఓఎస్ వచ్చే వయసులోనే ఈ రెండు కొలమానాలూ పక్కదారి పట్టించగలవు. చక్కెర, నడుము కొలత, నెలసరి తీరు అన్నీ కలిపి చూసే డాక్టరు కావాలి. అనుమానం మిగిలితే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. హెపటైటిస్ బి, సి లేవని కూడా ఒకసారి నిర్ధారించుకోవాలి.

ఇలా కలిపి చూసే ఏర్పాటు మన వ్యవస్థలో సగమే ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఫ్యాటీ లివర్‌ను జాతీయ అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. ఇలా చేసిన తొలి దేశాల్లో మనదొకటి. ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే ఫారంలో నడుము కొలత గడి ఉంది. కానీ ఆ ఫారం ముప్పై ఏళ్లు నిండినవాళ్లకే. నెలసరి తప్పడం పదిహేనుకో ఇరవైకో మొదలవుతుంది. మొదటి కాన్పు ఇరవై రెండు, ఇరవై మూడుకు అయిపోతుంది. ముప్పై వచ్చేదాకా ఆగితే, నెలసరిలోనూ గర్భంలోనూ శరీరం ఇచ్చిన రెండు హెచ్చరికలూ దాటిపోయి ఉంటాయి.

దీనికి కొత్త ఆసుపత్రి కట్టక్కర్లేదు. గర్భంలో చక్కెర వచ్చిన తల్లికి కాన్పు అయిన ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజ్ పరీక్ష చేయాలని జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. ఎక్కువమంది రారు, బిడ్డ పనుల్లో పడిపోతారు. అయితే సరిగ్గా ఆరో వారానికే బిడ్డకు పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్ టీకాలు పడతాయి. ఆ టీకాలకు తల్లి ఎలాగూ వస్తుంది. అదే రోజు, అదే బల్ల దగ్గర ఆమెకూ గ్లూకోజ్ నీళ్లు ఇచ్చి, రెండు గంటల తర్వాత రక్తం తీసి, నడుము కొలిచి, పాత స్కానింగ్ కాగితం చూసి, ఆ వివరాలు తల్లీబిడ్డల కార్డు మీద రాసే పని నీలం నగర్ చుట్టుపక్కల టీకా కేంద్రాల్లో ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు. కావలసినవి గ్లూకోజ్ పొట్లం, గ్లూకోమీటరు, ఒక టేపు. ఆ రెండు గంటలు తల్లులు కూర్చోవడానికి నీడ, మంచినీళ్లు కూడా ఏర్పాటు చేయాలి.